లాంగ్సాట్ వగైరా పేర్లతో వచ్చిన ఐదు మొక్కలు: రెండేళ్ల తర్వాత రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. ప్యాకింగ్‌కి 5 స్టార్లు, మొక్కల ఆరోగ్యానికి 4, లేబుళ్లకి 1. ఆ ఒక్కటి కూడా వాంపీ అనే మొక్క పుణ్యమే. నర్సరీ పేరు రాయడం లేదు, దయచేసి అడగొద్దు. వాళ్లతో గొడవ ఇంకా తేలలేదు, పైగా ఈ రోగం వాళ్లొక్కళ్లదే కాదు, విదేశీ పండ్ల మొక్కలు ఆన్‌లైన్లో అమ్మేవాళ్లలో చాలామంది దగ్గర ఇదే తంతు. రెండేళ్లు ఆగి ఎందుకు రాస్తున్నానంటే, డబ్బా విప్పిన రోజే రాసుంటే నేనూ అందరిలాగే "సూపర్ ప్యాకింగ్, హెల్దీ ప్లాంట్స్" అని రాసి పారేసేదాన్ని. ఆ రోజు నాకు నిజంగా అలాగే అనిపించింది మరి.

తెప్పించింది ఐదు మొక్కలు. లేబుళ్ల ప్రకారం ఒకటి లాంగ్సాట్, ఒకటి డుకు, ఒకటి లాంగ్‌కాంగ్ అంటు మొక్క, ఒకటి వాంపీ, ఐదోది "లాన్సియం పారాసిటికం, రేర్ స్పీషీస్". రేటు అన్నిటికంటే దీనికే ఎక్కువ. ఒక్కో మొక్కకీ మందపాటి కాగితం గొట్టం, మట్టి ఒలక్కుండా మొదలు దగ్గర తడి కొబ్బరి పీచు, దాని మీద ప్లాస్టిక్ చుట్ట. నాలుగు రోజుల ప్రయాణం తర్వాత కూడా ఒక్క ఆకు రాలలేదు. ఇంత శ్రద్ధ ప్యాకింగ్ మీద పెట్టగలిగినవాళ్లు, అందులో సగం లేబుల్ మీద పెడితే ఏం పోయేదో.

లాంగ్సాట్ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇది ఆగ్నేయాసియా పండు, డుకు, లాంగ్‌కాంగ్ దీని రకాలే. మలేసియా, ఇండోనేసియా, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్‌లలో బాగా పండుతుంది. ఫిలిప్పీన్స్‌లో లాన్జోనెస్ అంటారు, కామిగిన్ దీవిలో ఏటా అక్టోబరులో దీని పేరు మీద ఒక పండగే చేస్తారు. పండ్లు గుత్తులుగా కాస్తాయి, అదీ చిటారు కొమ్మల్లో కాదు, పనస కాసినట్టు మానుకీ పెద్ద కొమ్మలకీ అంటుకుని. చూడ్డానికి చిన్న బంగాళాదుంపల్లా ఉంటాయి, తొక్క ఒలిస్తే లోపల అద్దంలా మెరిసే తెల్లటి తొనలు, మామూలుగా ఐదు. కొన్ని తొనల్లో ఆకుపచ్చ గింజ ఉంటుంది, పొరపాటున కొరికారో అంతే, చేదు నాలుక మీద నుంచి ఓ పట్టాన పోదు. ఎందుకు పోతుంది, ఇది వేప కుటుంబం చెట్టే కదా.

ఇప్పుడు అసలు కథ. మొదటి అనుమానం లాంగ్సాట్ అని లేబుల్ కట్టిన మొక్క మీదే వచ్చింది, అదీ ఎనిమిది నెలల తర్వాత. ఐదింటిలోకీ అదే జోరుగా పెరుగుతోంది, నేను పొంగిపోతున్నా. ఒక రోజు నీళ్లు పోస్తూ పక్కపక్కనే ఉన్న లాంగ్సాట్‌నీ డుకునీ చూస్తుంటే ఏదో తేడా కొట్టింది. డుకు కొమ్మకి ఒక పొడుగాటి ఈనె వచ్చి, దానికి అటొకటి ఇటొకటిగా ఏడు ఆకులు. లాంగ్సాట్‌కేమో కొమ్మ చివర గుంపుగా ఆకులు, ఒక్కొక్కటీ విడిగా, సొంత కాడతో. రెండూ దాదాపు ఒకే జాతి అని కదా చెప్పుకుంటున్నాం, మరి ఆకు అమరికే వేరుగా ఉంటే ఎలా?

ఇది ఎవరైనా ఇంట్లోనే చూసుకోగల పరీక్ష, కాబట్టి వివరంగా చెబుతా. మనకి ఆకులా కనిపించే ప్రతిదీ ఆకు కాదు. వేపలో మనం ఆకులు అనుకునే చిన్నచిన్నవన్నీ కలిపితేనే ఒక ఆకు. లాంగ్సాట్, డుకు, లాంగ్‌కాంగ్ అన్నీ ఇదే పద్ధతి, ఒక ఈనెకి ఐదు నుంచి ఏడు దాకా పెద్దపెద్ద చిట్టాకులు, ఒకదానికొకటి ఎదురెదురుగా కాకుండా మార్చి మార్చి ఉంటాయి. ఎలా తేల్చుకోవాలంటే, ఆకు కాడ కొమ్మకి అతుక్కున్న మూల చూడండి, అక్కడ గుండుసూది తలంత మొగ్గ ఉంటే అది నిజమైన ఆకు. చిట్టాకు మొదట్లో ఆ మొగ్గ ఉండదు. నేను భూతద్దం తెచ్చుకుని చూశా. నా "లాంగ్సాట్"లో ప్రతి ఆకు మొదట్లోనూ బుల్లి మొగ్గ. అంటే అది ఒంటి ఆకు మొక్క. అంటే అది లాంగ్సాట్ కానే కాదు.

తిరగేసి మరగేసి చూస్తే తేలిందేమిటంటే అది బకారియా, బర్మీస్ గ్రేప్ అంటారు, బంగ్లాదేశ్‌లో లట్కన్. పండ్ల గుత్తి ఫొటో చూస్తే ఎవరైనా పొరబడతారు, అదే పసుపు, అదే సైజు, అదీ మానుకే గుత్తులుగా వేలాడుతుంది. దాని బంధువు రాంబైతో కూడా ఇదే తికమక. కానీ కుటుంబమే వేరు, లాంగ్సాట్‌కి వేప ఎంత దగ్గరో బకారియాకి అంత దూరం. పండు ఒలిస్తే ఐదు తొనలు కాదు, రెండో మూడో. గుజ్జు గింజని వదలదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఇందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మనకి పోతు తాడి తెలుసు కదా, అలాగన్నమాట. నా దగ్గరున్నది ఒక్కటే మొక్క, పూత వచ్చేదాకా అది ఆడో మగో తెలీదు, ఆడదే అయినా పక్కన మగది ఉండాలి. లాంగ్సాట్‌కి ఈ టెన్షన్ లేదు, ఒంటరి చెట్టు కూడా శుభ్రంగా కాస్తుంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఆకుల ఫొటోలు పంపి, మొగ్గ సంగతంతా చెప్పా. అటునుంచి ఒక కుర్రాడు చాలా మర్యాదగా, "మేడమ్, పండు వచ్చాక తెలుస్తుంది కదండీ" అన్నాడు. నేను కాసేపు మాట్లాడలేకపోయా. బాబూ, గింజ నుంచి పెంచిన లాంగ్సాట్ కాపుకి రావడానికి పదేళ్లు దాటుతుంది, పదిహేనేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. పండు వచ్చాక నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? నువ్వు అప్పటికి ఆ ఉద్యోగంలో ఉంటావా?

చెప్పులు కొంటే వారంలో బాగోగులు తెలుస్తాయి. ఇలాంటి చెట్టు కొన్నప్పుడు మన చేతికి వచ్చేది మొక్క కాదు, మొక్క మీద ఉన్న పేరు. ఆ పేరు తప్పైతే ఆ సంగతి తెలిసేసరికి పదేళ్ల నీళ్లు, ఎరువు, చోటు అన్నీ పోతాయి. ఐదు స్టార్ల ప్యాకింగ్ ఉన్నా నేను మొత్తం మీద తక్కువ మార్కులు వెయ్యడానికి ఇదే కారణం.

ఇక లాంగ్‌కాంగ్ అంటు మొక్క. దీని మీదే నాకు ఆశ ఎక్కువ. లాంగ్సాట్ రకాల్లో లాంగ్‌కాంగ్‌ది ప్రత్యేక హోదా, థాయ్‌లాండ్ దక్షిణాన నారాథివాట్‌లోని తన్యోంగ్ మాస్ దీనికి పెట్టింది పేరు. గుత్తి బిగుతుగా, పండ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి, తొక్కలో జిగురు పాలు దాదాపు ఉండవు, చాలా తొనల్లో గింజే ఉండదు. వచ్చిన మొక్కకి మోకాలి ఎత్తున పచ్చ టేపు చుట్టి ఉంది. అంటు అతుక్కోవడానికి చుట్టారేమో, ఇప్పుడే విప్పకూడదు అని ఏడాది దాకా ముట్టుకోలేదు. టేపు కాండంలోకి కోసుకుపోతోందని చివరికి బ్లేడుతో చీల్చి తీశా. కింద ఏమీ లేదు. అంటే ఏమీ లేదు! అంటు కట్టిన చోట ఏటవాలుగానో వి ఆకారంలోనో మచ్చ ఉండాలి, పైన కింద బెరడు రంగులోనో గరుకులోనో కాస్తయినా తేడా కనిపించాలి. ఇది కింద నుంచి పైదాకా చేత్తో నిమిరితే ఒకే నునుపు. గింజ మొక్కకి టేపు చుట్టి అంటు మొక్క రేటుకి అమ్మారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, ఇది చాలామందికి తెలీదు, నాకూ తెలీదు మొన్నటిదాకా. గింజ నుంచి వచ్చిన మామిడి తల్లిలా ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి గింజ మొక్క అనగానే మనకి చిన్నచూపు. లాంగ్సాట్ జాతిలో కథ వేరు. దీని గింజలో మొలకెత్తే పిండాలు ఎక్కువగా తల్లి కణాల నుంచే పుడతాయి, పుప్పొడితో పనిలేకుండా. అంటే గింజ మొక్క కూడా దాదాపు తల్లికి నకలే. ఒకే గింజలోంచి రెండు మూడు మొలకలు రావడం కూడా ఇందుకే. నా డుకు కుండీలో రెండు కాండాలుంటే, ఒకటి లావుగా ఒకటి బక్కగా, ఇద్దరు పిల్లల్ని ఒకే సంచిలో పెట్టి ఇచ్చారేమో, బోనస్ అనుకున్నా, కాదు, ఒకే గింజ కవలలు. బక్కదాన్ని కత్తిరించేశా, మనసు ఒప్పుకోకపోయినా.

కాబట్టి గింజ మొక్క అమ్మడం మోసం కాదు. తల్లి చెట్టు నిజంగా మంచి లాంగ్‌కాంగ్ అయితే దాని గింజ మొక్క కూడా మంచి లాంగ్‌కాంగే. తేడా అంతా కాలంలోనే, గింజ మొక్కకి పదేళ్ల పైమాటే, బాగా పెంచితే అంటు మొక్క అందులో సగం కాలానికే కాపుకి రావచ్చు. వాళ్లు దొంగిలించింది రకాన్ని కాదు, నా వయసులో ఆరేడేళ్లని. లాంగ్‌కాంగ్ గింజ మొక్క అని నిజం చెప్పి సగం రేటుకి ఇచ్చినా సంతోషంగా తీసుకునేదాన్ని. కానీ ఈ లెక్క అంతా తల్లి చెట్టు ఏదో తెలిస్తేనే. "మదర్ ప్లాంట్ ఎక్కడిదండీ, దాని గుత్తి ఫొటో పంపగలరా" అని అడిగితే ఇంటర్నెట్లో అందరూ వాడే ఫొటోనే పంపారు.

ఐదో మొక్క కథ ఇంకా తమాషా. "లాన్సియం పారాసిటికం, రేర్ స్పీషీస్." పుస్తకాల్లో ఇదే చెట్టుకి రెండు శాస్త్రీయ నామాలు తిరుగుతుంటాయి, ఒకటి లాన్సియం డొమెస్టికం, రెండోది లాన్సియం పారాసిటికం. రెండూ ఒకటే. వీళ్లేమో ఒకే చెట్టుని రెండు పేర్లతో రెండు రేట్లకి పెట్టారు, ఒకదాని పక్కన రేర్ అని తగిలించారు. తెలిసి చేశారా తెలియక చేశారా అంటే, తెలియకే అనుకుంటున్నా, కానీ డబ్బు మాత్రం తెలిసే తీసుకున్నారు.

అయితే ఆ మొక్క నిజంగానే కొంచెం వేరు. ఆకు తిరగేసి వెలుతురుకి ఏటవాలుగా పెడితే అడుగున సన్నటి నూగు, వేలితో రాస్తే వెల్వెట్‌లా తగులుతుంది. డుకు ఆకు అడుగున అలాంటిదేమీ లేదు, నున్నగా ఉంది. ఆకు అడుగు నూగు అనగానే గుర్తొచ్చేది కోకోసాన్, ఇండోనేసియాలో దొరికే ఇంకో రకం. దాని పండ్లు గుత్తిలో ఒకదానికొకటి అతుక్కున్నట్టు కిక్కిరిసి ఉంటాయి, తొక్క పలచన, ఒలవడం కష్టం, అందుకే పండుని నొక్కి లోపలిది నోట్లోకి పిండుకుని తింటారు. రుచి పులుపు. అంటే నా అనుమానమే గనక నిజమైతే, అన్నిటికంటే ఎక్కువ పెట్టి కొన్నదే అన్నిటికంటే పుల్లటిది! మా ఆయన నవ్వు ఇంకా ఆగలేదు.

మిగతా రకాల్ని పండు మీద ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పేస్తా, ఎప్పుడైనా తల్లి చెట్టు చూసే అవకాశం వస్తే పనికొస్తుంది. లాంగ్సాట్ గుత్తికి 15 నుంచి 25 పండ్లు, కోలగా ఉంటాయి, తొక్క పలచన, గోరు దిగగానే తెల్లటి పాలు కారి వేళ్లు బంకబంకగా అవుతాయి, బాగా పండినా ఆ జిగురు పోదు. చెట్టు సన్నగా, కొమ్మలు పైకి లేచి ఉంటుంది. డుకు గుత్తికి పదిలోపే, కానీ గుండ్రంగా పెద్దవి, తొక్క మందం, పండాక జిగురు ఉండదు, చెట్టు గుబురుగా గొడుగులా. పాలెంబాంగ్ డుకు అని సుమత్రాది బాగా పేరున్నది. మలేసియాలో డుకు-లాంగ్సాట్ అని మధ్యస్తంగా ఉండేవి కూడా అమ్ముతారు, అక్కడ గీత గీయడం నాకైతే చేతకాదు. మోకాలెత్తు మొక్కలో మాత్రం ఇవేవీ కనిపించవు, కనిపించాయని ఎవరైనా చెబితే నమ్మకండి. మొక్క దశలో ఆకుని బట్టి లాంగ్సాట్ జాతా కాదా అని తేల్చొచ్చు, నూగు ఉంటే అనుమానపడొచ్చు, అంతకుమించి నర్సరీ వాడి మాటే దిక్కు. లాంగన్‌ని లాంగ్‌కాంగ్ అని అంటగట్టేవాళ్లూ ఉన్నారట, పేర్లు దగ్గరగా ఉన్నాయని. లాంగన్ పండులో మధ్యలో నల్లగా నిగనిగలాడే ఒకే గింజ, తొనలు ఉండవు.

వాంపీ ఒక్కటే నిక్కం. దాని శాస్త్రీయ నామంలో కూడా లాన్సియం అనే మాట ఉంది, క్లాసీనా లాన్సియం, పండు లాంగ్సాట్‌లా ఉంటుందని కాబోలు, కానీ ఇది నిమ్మ కుటుంబం. మా అత్తయ్య పెరట్లోకి వచ్చి ఒక ఆకు నలిపి వాసన చూసి "ఇది కరివేపాకు చుట్టమే" అంది, ఎవరూ చెప్పకుండానే. నిజంగా చుట్టమే. ఆకుని ఆకాశం వైపు పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు నూనె చుక్కలు మెరుస్తాయి. లాంగ్సాట్ ఆకులో నాకు అవి కనపడలేదు. రెండూ ఈనెకి ఆకులున్న మొక్కలే కాబట్టి ఈ రెంటినీ విడదీయడానికి ముక్కూ వెలుతురూ చాలు.

పెంపకం గురించి వాళ్లిచ్చిన కాగితం చదివితే నవ్వొస్తుంది. "ఫుల్ సన్, రోజూ నీళ్లు." మొదటి నెలలో ఆ కాగితాన్ని నమ్మి ఎండలో పెట్టా, డుకు కొత్త చిగురు మొత్తం మాడి బూడిద రంగుకి వచ్చింది. చిన్నప్పుడు ఈ చెట్లకి నీడ కావాలి, సొంత ఊళ్లలో పెద్ద చెట్ల కింద పెరిగే జాతి ఇది. షేడ్ నెట్ కిందకి మార్చి, పక్కన అరటి పిలకలు పెట్టాక కుదురుకుంది. గాలిలో తేమ కావాలి, ఈదురుగాలి పనికిరాదు. వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి మొదలు దగ్గర పారతో గెలకకూడదు, ఎండుటాకులు మందంగా పరిచి వదిలెయ్యాలి. ఉప్పు నీళ్లు అసలు పడవు, బోరు నీళ్లు పోసినన్నాళ్లూ ఆకు కొసలు గోధుమ రంగులో ఎండిపోతూ ఉండేవి, వాన నీళ్లు పట్టి పోయడం మొదలుపెట్టాక వచ్చిన ఆకులు శుభ్రంగా ఉన్నాయి. నీళ్లు నిలవకూడదు కానీ మట్టి ఆరకూడదు, ఈ రెంటి మధ్య నడవడమే దీనితో కష్టం.

పెరుగుదల మాత్రం నత్తనడక. రెండేళ్లలో డుకు పెరిగింది జానెడున్నర, లాంగ్‌కాంగ్ ఇంకా తక్కువ. ఎరువు ఎక్కువేస్తే పరిగెడుతుందనుకోవద్దు, నేనూ అనుకున్నా, రెండు ఆకులు రాల్చి బుద్ధి చెప్పింది. ఇంకో విషయం, గింజలు వేద్దామనుకునేవాళ్లు పండు తిన్న వెంటనే గుజ్జు కడిగి పెట్టెయ్యాలి, ఈ గింజ ఎండితే చచ్చిపోతుంది, వారం ఆగినా కష్టమే. ఆన్‌లైన్లో "డ్రై సీడ్స్" అని ప్యాకెట్లు అమ్ముతున్నారు చూడండి, అవి కొనడం కంటే గులకరాళ్లు నాటుకోవడం నయం.

పెద్దయ్యాక పూత రావడానికి చెట్టుకి కొన్నాళ్లు దాహం పెట్టాలి. థాయ్‌లాండ్ రైతులు ఆకు వాడే దాకా నీళ్లు ఆపి, తర్వాత ఒక్కసారిగా తడి పెడతారు, అప్పుడు మాను మీద మొగ్గలు విచ్చుకుంటాయి. కాయ మీదున్నప్పుడు ఎండబెట్టి ఒక్కసారిగా తడిపితే మాత్రం పండ్లు పగులుతాయి. ఇవన్నీ నాకు ఇంకా చాలా ఏళ్ల తర్వాతి ముచ్చట్లు, కానీ ఆ కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు.

డబ్బు సంగతి. బకారియాకి సగం రీఫండ్ ఇస్తామన్నారు, మొక్క వెనక్కి పంపాలట, ఇప్పుడది నడుమెత్తు ఉంది, ఎలా పంపను? లాంగ్‌కాంగ్ టేపు విషయం "మా రికార్డుల్లో గ్రాఫ్టెడ్ అనే ఉంది" అన్నారు. టేపు తీసిన వీడియో పంపా, చూశారు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రేర్ స్పీషీస్ సంగతి ఎత్తగానే తర్వాతి ఆర్డర్‌కి కూపన్ పంపారు.

బకారియాని పీకెయ్యలేదు. దాని తప్పేముంది, ఐదింటిలో అదే బాగా పెరుగుతోంది. ఇంకో రెండు బకారియా మొక్కలు, ఈసారి బకారియా అనే పేరుతోనే అమ్మే వేరే చోట నుంచి తెప్పించుకున్నా, మూడింటిలో ఒక్కటైనా మగది, ఒక్కటైనా ఆడది కాకపోతుందా అని. ఆ కూపన్ ఎక్కడ వాడదామా అని మొన్న ఆ నర్సరీ సైట్ తెరిచి చూశా. నా మాట విన్నట్టున్నారు, లాంగ్సాట్ పేజీలో పండ్ల గుత్తి ఫొటో తీసేసి, వాళ్ల షెడ్లో తీసిన మొక్క ఫొటో పెట్టారు. జూమ్ చేశా. కొమ్మ చివర గుంపుగా, ఒక్కొక్కటీ విడిగా, ఒంటి ఆకులు.